కఠిన గురువు కింద కొలువు

(ఏటికొప్పాకలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతుల ముగింపు రోజున సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము.)

అధ్యక్షులవారికి, వేదికపైనున్న పాలకవర్గ సభ్యులకు, వివిధ గ్రామ సంఘాల నుండి విచ్చేసిన కార్యదర్శులకు, పాల పరీక్షకులకు, వెనుక వరుసలలో కూర్చున్న మహిళా సంఘాల సోదరీమణులకు నమస్కారములు. వెనుక వరుసలు అని ఎందుకన్నామంటే ముందు మూడు వరుసలు ఖాళీగా ఉన్నవి. ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడని తెలిస్తే ముందు వరుసలో కూర్చునేవారు ఎక్కడా ఉండరని ఇన్నేళ్ల సర్వీసులో గ్రహించాము. దయచేసి ముందుకు రండి. ఈ రోజు రిజిస్టర్లు అడగము.

మాకు ఇచ్చిన అంశము "పాల నాణ్యత, సిబ్బంది క్రమశిక్షణ". నాణ్యతను గురించి నిన్న పశువైద్యులవారు, ప్లాంటు నుండి వచ్చిన మిత్రులు మాకంటే బాగా చెప్పారు. మిగిలింది క్రమశిక్షణ. దానిని గురించి మేము వేరే ప్రసంగం రాసుకుని వచ్చాము. సహకార ఉద్యమ చరిత్రతో మొదలుపెట్టి, ఈ ఏటికొప్పాక రైతులు 1930లలోనే సహకార పద్ధతిన చక్కెర కర్మాగారాన్ని నెలకొల్పుకున్న సంగతి చెప్పి, వరాహ నది మీదుగా నడిపించి ముగిద్దామనుకున్నాము. ఉదయం టీ విరామంలో ఆ ప్రసంగం పాడైపోయింది.

ఒక సంఘం సిబ్బంది నలుగురు మా చేతిలో ఒక కాగితం పెట్టారు. సంఘం పేరు చెప్పము. సారాంశం ఏమనగా, మా అధ్యక్షులవారు మరీ కఠినులు, అయిదు నిమిషాలు ఆలస్యమైతే పాలు పోసేవాళ్ల ముందే అరుస్తారు, చేసిన పరీక్ష మళ్లీ చేయిస్తారు, కడిగిన క్యాను మళ్లీ కడిగిస్తారు, సెలవు అడిగితే మొహం తిప్పుకుంటారు, ఈ మనిషి కింద మేము పనిచేయలేము, అని. ఆ కాగితం చదువుతూ ఉండగా మాకు రెండో సంగతి కూడా జ్ఞాపకం వచ్చింది. మా తనిఖీ పరిధిలోని సంఘాలలో మూడేళ్లుగా ఒక్క క్యాను కూడా పుల్లబడి వెనక్కి రాని సంఘం అదే. అధ్యక్షుడు కఠినుడన్నదీ నిజమే. సంఘం బాగున్నదన్నదీ నిజమే. ఇక ఇన్‌స్పెక్టరు ఏమి చేయాలి?

దీనికి జవాబు వెతకడానికి మిమ్మల్ని పాల కేంద్రానికి కాక బ్యాడ్మింటన్ కోర్టుకు తీసుకువెళ్లదలచాము. పాలకూ ఈకల బంతికీ ఏమిటి సంబంధమని నవ్వుకోవద్దు. హైదరాబాదు గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో రోజు మొదలయ్యేది తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు. మన పాల కేంద్రం తలుపు తీసేదీ ఇంచుమించు ఆ వేళకే. ఆ వేళకు లేచేవారు మన సమాజంలో మూడే రకాలు. అర్చకులు, పాలవాళ్లు, ఈ ఆటగాళ్లు.

శ్రీ గోపీచంద్ గారు 1973లో అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టారు. హైదరాబాదులో సయ్యద్ మహమ్మద్ ఆరిఫ్ గారి దగ్గర ఆట నేర్చుకున్నారు. ఆరిఫ్ గారు కూడా ద్రోణాచార్య అవార్డు పొందిన గురువే. 1994లో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్సలు జరిగినవి. ఆ మోకాలితో మళ్లీ ఆడతాడని అనుకున్నవారు తక్కువ. కాని 1996 నుండి 2000 వరకు వరుసగా అయిదుసార్లు జాతీయ ఛాంపియన్ అయినారు. 2001 మార్చిలో ఇంగ్లండులో ఆల్ ఇంగ్లండ్ పోటీ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను ఓడించి కప్పు తెచ్చారు. 1980లో ప్రకాశ్ పదుకొణె తెచ్చిన తరువాత ఆ కప్పు మన దేశానికి రావడం అదే. ఆ గెలుపు తరువాత ఒక శీతల పానీయం కంపెనీ ప్రకటనకు అడిగితే, పిల్లలకు మేలు చేయని పానీయాన్ని తాగమని చెప్పలేనన్నారు. పాల సంఘాల వారు ఈ ఒక్క సంగతికైనా ఆయనకు దండం పెట్టవచ్చును.

అకాడమీ కట్టిన కథ మన సంఘ భవనాల కథలాగే ఉంటుంది. 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము గచ్చిబౌలిలో అయిదెకరాల స్థలం కేటాయించింది. స్థలం వచ్చింది, డబ్బు లేదు. గోపీచంద్ గారు తాను ఉంటున్న ఇంటినే తాకట్టు పెట్టారు. తరువాత పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ గారు అయిదు కోట్ల రూపాయలు విరాళమిచ్చారు. 2008లో అకాడమీ తెరుచుకున్నది. ఇంటి పత్రాలు తాకట్టులో పెట్టినవాడు పొద్దున్నే లేవమంటే ఎదుటివాడు లేస్తాడు. ఆ మాటకు బరువు ఉంటుంది. మన సంఘాలలో షేరు ధనం పది రూపాయలు కట్టి, పాలు బయట హోటలుకు పోసి, సర్వసభ్య సమావేశంలో మాత్రం గంటసేపు సిబ్బందిని దుయ్యబట్టే పెద్దమనుషులు కొందరున్నారు. ఇక్కడ ఎవరూ లేరనే అనుకుంటున్నాము.

ఫలితాలు మీకు తెలిసినవే. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది. సింధు 2016 రియోలో రజతం తెచ్చింది. ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ మీద మొదటి గేము 21-19తో గెలిచి, తరువాతి రెండు గేములు ఓడింది. ఒలింపిక్ రజతం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన తెలుగు పిల్ల. 2017లో కిదాంబి శ్రీకాంత్ ఒకే సంవత్సరంలో నాలుగు సూపర్ సిరీస్ కప్పులు గెలిచాడు. ఒక్క ఊరిలో, ఒక్క కప్పు కింద, ఒక్క గురువు దగ్గర ఇంతమంది.

ఇక ఆ గురువు కింద పని ఎట్లా ఉంటుందో చూడండి. సింధు చిన్నతనంలో సికిందరాబాదు వైపు నుండి గచ్చిబౌలికి రానుపోను రోజుకు 56 కిలోమీటర్లు తిరిగేది. ఆలస్యం లేదు. ఆ పిల్ల సహజంగా మెతక. కోర్టులో నోరు విప్పేది కాదు. ఎదుటివాళ్లు పాయింటు గెలిచి కేకలు వేస్తుంటే ఈమె బిక్కమొహం వేసుకుని నిలబడేదట. గోపీచంద్ గారు ఒకనాడు అకాడమీలో అందరూ చూస్తుండగా ఆమెను కోర్టు మధ్యన నిలబెట్టి, గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్టు ముట్టుకోనివ్వనన్నారు. ఆమె ఏడ్చింది. ఆయన కదలలేదు. చివరికి అరిచింది. ఈ సంగతి తరువాత పత్రికలలో వచ్చినదే.

నిజం చెప్పాలంటే, మొదట చదివినప్పుడు మాకు ఇది రుచించలేదు. ఆడపిల్లను పదిమందిలో ఏడిపించడమేమిటి అనుకున్నాము. తరువాత మళ్లీ చదివితే ఒక తేడా కనిపించింది. ఆయన ఆ పిల్ల మీద అరవలేదు. ఆ పిల్ల చేత అరిపించాడు. రెండింటికీ చాలా దూరమున్నది. మన కేంద్రాల దగ్గర పొద్దున్నే వినిపించే అరుపులలో మొదటి రకం ఎన్ని, రెండో రకం ఎన్ని అన్నది మీకే తెలియాలి.

రియో సంగతి ఇంకా చిత్రమైనది. పోటీలకు ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేదు. గురువుగారు తీసుకున్నారు. రియో చేరిన తరువాత పన్నెండు పదమూడు రోజులు ఆమెకు ఎంతో ఇష్టమైన తీపి పెరుగు మానిపించారు. ఐస్‌క్రీము కూడా మానిపించారు. చూశారా, మన సరుకు మీదే నిషేధం! ఫైనలు అయిన వెంటనే ఆయనే పత్రికలవారి ముందు చెప్పారు. ముందుగా ఆమె ఫోన్ ఆమెకు ఇచ్చేస్తాను, ఇక ఆమె తీపి పెరుగు తినవచ్చు, ఐస్‌క్రీము తినవచ్చు, ఇష్టమైనది ఏదైనా తినవచ్చు, అని. ఆ రోజున దేశమంతా ఆ పతకాన్ని చూసింది. మేము ఆ మాటను విన్నాము. ఎందుకంటే నిషేధాలు పెట్టేవాళ్లను చాలామందిని చూశాము. నిషేధం ఎత్తివేసే రోజును గుర్తుపెట్టుకుని, తీసుకున్న వస్తువు ఏదో మరచిపోకుండా, పేరు పేరునా తిరిగి ఇచ్చినవాళ్లను చూసింది తక్కువ. ఆయన ఆ మూడు నెలలూ లెక్క పెట్టుకున్నాడన్నమాట. ఆమె లెక్క పెట్టుకుని ఉంటుంది, అది సహజమే. ఆయన కూడా పెట్టుకున్నాడు.

ఆ రోజులలో ఆయన తాను కూడా పిండి పదార్థాలు మానుకుని బరువు తగ్గారని, శిష్యులకు ఎదురుగా కోర్టులో నిలబడి ఆడగలిగేందుకే అట్లా చేశారని పత్రికలు రాశాయి. అప్పటికి ఆయనకు నలభై దాటినవి. మోకాళ్ల సంగతి ముందే చెప్పుకున్నాము.

ఇక మా స్వంత విషయానికి వస్తాము. 1996లో మేము డెప్యుటేషన్ మీద పాల సేకరణ విభాగంలో చేరినప్పుడు మాకు ఒక పై అధికారి ఉండేవారు. పేరు వద్దు. ఏడాదిన్నర ఆయన కింద పనిచేశాము. అప్పట్లో ఇప్పటివలె గుండీ నొక్కితే వెన్న శాతం చూపించే యంత్రాలు మా సంఘాలలో లేవు. గెర్బరు పద్ధతే. బ్యుటిరోమీటరులో ముందు 10 మిల్లీలీటర్ల గంధకామ్లము, గోడవెంట మెల్లగా 10.75 మిల్లీలీటర్ల పాలు, ఆపైన ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు. మూత బిగించి, కలిపి, సెంట్రిఫ్యూజులో తిప్పి, వేడినీళ్లలో ఉంచి, అప్పుడు అంకె చదవాలి. చలికాలం పొద్దున చేతులు వణుకుతుంటే ఆమ్లం వేళ్ల మీద పడేది. ఆ మచ్చలు మా కుడిచేతికి ఇంకా ఉన్నవి. తొందరలో వేడినీళ్లలో ఉంచకుండా అంకె చదివితే ఆయనకు ఎట్లా తెలిసేదో తెలిసేది. "ఏమయ్యా, ఆ గేదె పాలు నువ్వు పరీక్ష చేశావా, ఊహించావా?" అనేవారు. మొత్తం వరుస మళ్లీ చేయాలి. మేము రాసిన తనిఖీ నోటు మూడుసార్లు చించి బుట్టలో వేశారు. నాలుగోసారి ఏమీ అనకుండా సంతకం పెట్టారు. బాగున్నది అన్న మాట ఏడాదిన్నరలో ఒక్కసారీ వినలేదు.

ఆయన్ను మేము తిట్టుకోని రోజు లేదు. కాని ఒక్క మాట ఒప్పుకోవాలి. తెల్లవారుజామున మేము ఏ సంఘం గుమ్మం తొక్కినా, ఆయన సైకిలు అప్పటికే గోడకు చేరవేసి ఉండేది. చేతిలో టార్చిలైటు. చివరి క్యాను వ్యాను ఎక్కేదాకా టీ ముట్టేవారు కాదు. మాకు సహకార డిప్లొమా పరీక్షలు వచ్చినప్పుడు సెలవు అడగడానికి భయపడి రెండు రోజులు కాగితం జేబులో పెట్టుకు తిరిగాము. మూడోరోజు ఆయనే అడిగారు. "పరీక్షలెప్పుడు?" అని. పదిరోజులు మా రూటు అంతా ఆయన తిరిగారు. మా దినచర్య పుస్తకంలో ఆయన చేతిరాతతో పది పేజీలున్నవి. ఆ పేజీలు చూపించి మేము పెళ్లి కూడా చేసుకున్నామని మా ఇంట్లోవారు నేటికీ ఎగతాళి చేస్తారు.

ఆయన లోపం చెప్పకపోతే సత్యదూరమవుతుంది. మాతోపాటు చేరిన మరొక మిత్రుడు అదే ఆయన కింద ఆరునెలలు కూడా నిలువలేకపోయాడు. మంచి చురుకైనవాడు, కాని మాట పడలేడు. ఒకరికి పట్టే మందు ఇంకొకరికి పట్టదని మా అధికారికి తోచలేదు. అందరికీ ఒకే మోతాదు పోశారు.

తరువాత మేము ఇన్‌స్పెక్టరయినాము. అయినవాడు ఏమి చేస్తాడు? తాను ఎవరికి భయపడ్డాడో ఆ వేషమే వేస్తాడు. మా పరిధిలోని ఒక సంఘంలో ఒక కుర్రవాడు పాల పరీక్షకుడు. ఇంటరు తప్పినవాడు. చెయ్యి మాత్రం తూకపురాయి. అతని అంకెకూ ప్లాంటు అంకెకూ తేడా ఉండేది కాదు. అందుకే వాణ్ని ఇంకా బాగు చేయాలనుకున్నాము. పాలు దండిగా వచ్చే చలికాలంలో ఒక్కరోజు కూడా సెలవు లేదని కార్యదర్శి చేత కాగితం రాయించి గోడకు అంటించాము. చెల్లెలి పెళ్లిమాటలకు రెండు రోజులు అడిగాడు. వీలుకాదన్నాము. వచ్చి పని చేశాడు. సంక్రాంతి వెళ్లింది, చలి వెళ్లింది, గోడ మీద కాగితం మాత్రం అట్లాగే ఉన్నది. దాన్ని తీయాలన్న సంగతి మాకు జ్ఞాపకమే లేదు. ఉగాది నాటికి కుర్రవాడు గాజువాక వెళ్లిపోయి ఏదో ఫ్యాక్టరీలో కుదిరాడు. వాడి స్థానంలో వచ్చినవాడు మొహమాటానికి అంకెలు పెంచి రాసేవాడు. సంఘం రైతులకు చెల్లించిన వెన్న శాతం ఒకటి, ప్లాంటు మాకు లెక్కగట్టినది ఇంకొకటి. ఆ తేడా సంఘమే భరించింది. ఆ సంవత్సరం సభ్యులకు బోనసు లేదు. ఆ సర్వసభ్య సమావేశంలో ఒక ముసలామె లేచి, తన ఒక్క గేదె మీద వచ్చే ఆ కాస్త డబ్బుతోనే పండక్కి మనవలకు బట్టలు కొనేదాన్నని చెప్పింది. తనిఖీ నోటులో ఆ వాక్యం రాయడానికి గడి లేదు.

ఆ కుర్రవాడు కొన్నేళ్ల తరువాత అనకాపల్లి రైల్వే స్టేషనులో ఎదురుపడ్డాడు. వాడే పలకరించి టీ ఇప్పించాడు. తిట్టినందుకు వెళ్లిపోయావా అని అడిగాము. "తిట్టేరని కాదండి సారూ. మా అయ్య తిట్టడా ఏటి? తెల్లారగట్ల మీరెప్పుడూ రాలేదు కదండీ" అన్నాడు. అంతే. రైలు వచ్చింది, వెళ్లిపోయాడు. మేము మా పై అధికారి గొంతు నేర్చుకున్నాము, ఆయన సైకిలు నేర్చుకోలేదు. ఆయన ఎంత గట్టిగా పట్టుకుంటారో నేర్చుకున్నాము, ఎప్పుడు వదులుతారో నేర్చుకోలేదు.

గోపీచంద్ గారి దగ్గర కూడా అంతా సాఫీగా జరిగిందని అనుకోవద్దు. 2014లో సైనా ఆయన్ను విడిచి బెంగుళూరులో విమల్ కుమార్ గారి దగ్గరకు వెళ్లింది. అక్కడ ఉండగానే 2015లో ప్రపంచ ర్యాంకులో మొదటి స్థానానికి చేరింది. అంటే, ఈ గురువు లేకపోతే గతి లేదన్నమాట కూడా నిజం కాదు. 2017లో మళ్లీ తిరిగి వచ్చింది. 2018 కామన్వెల్తు క్రీడల ఫైనల్లో అదే అకాడమీ పిల్ల సింధును ఓడించి బంగారు పతకం తీసుకున్నది. 2020లో వచ్చిన ఒక పుస్తకంలో గోపీచంద్ గారు చెప్పుకున్నారు. తనకు ఎంతో దగ్గరిదేదో ఎవరో తీసుకుపోయినట్లయిందని, వెళ్లవద్దని ఆమెను బతిమాలానని. సింధు ఎదుగుతున్న ఆ రెండేళ్లలో తాను సైనాను నిర్లక్ష్యం చేయాలనుకోలేదని, ఆ సంగతి ఆమెకు అర్థమయ్యేటట్లు చెప్పలేకపోయానేమోనని కూడా అన్నారు. అంతటి గురువు శిష్యురాలిని బతిమాలాడట! ఆ వాక్యం దగ్గర మేము కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాము. మాకు ఆ కుర్రవాడిని బతిమాలాలని తోచను కూడా లేదు. కార్యదర్శిని పిలిచి వేరొకరిని చూడమన్నాము.

అంతకు ముందు తరంలో హైదరాబాదులో ఇంకొక కఠిన గురువు ఉండేవారు. ఫుట్‌బాల్ శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. బడిపంతులు. ఆయన చేతిలో భారత జట్టు 1951లో, మళ్లీ 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఈ మధ్య 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది, మీలో కుర్రవాళ్లు చూసి ఉంటారు. 1962 జకార్తా ఫైనల్లో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును ముందు వరుసలో ఆడించారు, అతను గోలు కొట్టాడు, కొరియా మీద 2-1తో గెలిచారు. రహీం గారు అప్పటికే కాన్సరుతో ఉన్నారు, మరుసటి సంవత్సరం జూన్‌లో పోయారు. ఇది గొప్ప కథే. కాని ఇందులో నుండి మన సంఘాధ్యక్షులు ఎవరైనా, జ్వరంతో ఉన్న పరీక్షకుణ్ణి పొద్దున్నే రప్పించవచ్చునని తీర్మానించుకుంటే, ఇన్‌స్పెక్టరు చెప్పాడని మాత్రం అనవద్దు. ఆసియా ఫైనలు నాలుగేళ్లకొకసారి వస్తుంది. పాలు రోజుకు రెండుసార్లు వస్తవి.

నిన్న సాయంత్రం తరగతులు ముగిసిన తరువాత మేము ఇక్కడి లక్క బొమ్మల పని చూడడానికి వెళ్లాము. ఈ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఈ ఊరివారు శ్రీ సి.వి. రాజు గారికి పద్మశ్రీ కూడా వచ్చింది. అంకుడు కర్రను తిరుగుడు యంత్రానికి బిగించి, తిరుగుతుండగా లక్క కడ్డీని ఒత్తుతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుతుంది. తరువాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఒక కుర్రవాడు నేర్చుకుంటున్నాడు. పెద్దాయన పక్కనే కూర్చున్నాడు, ఏమీ అనడం లేదు. కుర్రవాడు గట్టిగా ఒత్తినప్పుడు రంగు మచ్చలు కట్టింది. మెల్లగా ఒత్తినప్పుడు పట్టనే లేదు. పెద్దాయన ఒకసారి వాడి మణికట్టు కింద తన వేలు పెట్టి, ఎత్తి, తీసివేశాడు. మేము అరగంట నిలబడ్డాము. ఆయన వాడి చెయ్యి ముట్టుకున్నది ఆ ఒక్కసారే.

కాగితం ఇచ్చిన నలుగురికీ రెండు మాటలు. మీ అధ్యక్షుడు సమయం దగ్గర పట్టుబడితే, అది ఆయన గారి కోపం కాదు, పాల స్వభావము. పిండిన పాలు చల్లబడకుండా ఎంతసేపు ఉంటే అంత వేగంగా సూక్ష్మజీవులు పెరుగుతవి. వీలైనంత త్వరగా, నాలుగు గంటలు దాటకుండా, 4 డిగ్రీల చలికి చేర్చాలి. మీరు పావుగంట ఆలస్యంగా తలుపు తీస్తే వరుసలో నిలబడిన ముప్పై బిందెలూ పావుగంట పాడవుతవి. క్యాను రెండోసారి కడగమంటే కడగండి. పాల విశ్లేషణ యంత్రం రోజూ శుభ్రం చేయమంటే చేయండి, అది మురికి పట్టితే మనకంటే నమ్మకంగా అబద్ధం చెబుతుంది. వీటి మీద మేము మీ పక్షాన మాట్లాడము. పరీక్ష మళ్లీ చేయించడం కూడా ఆయన హక్కే. అయితే ఎందుకు మళ్లీ చేయమంటున్నారని మర్యాదగా అడగడం మీ హక్కు. కారణం చెప్పగలిగిన కఠినత్వం కింద పని చేయవచ్చును. కారణం లేనిదాని కింద చేయనవసరం లేదు. పాలు పోసేవాళ్ల ముందు అరవడం సంగతి, సెలవు సంగతి మేము ఆయనతో మాట్లాడతాము. అవి పాల నాణ్యతలోకి రావు.

అధ్యక్షులలో ఎవరైనా, ఇంత మెత్తగా ఉంటే సంఘాలు నడుస్తాయా అని అడగవచ్చు. మేము మెత్తగా ఉండమనలేదు. మీరు తీసుకున్న ఫోన్ ఎవరిదో, ఏ రోజున తిరిగి ఇస్తారో ఒక చీటీ మీద రాసుకోండి, అంతే అడుగుతున్నాము. మీ సంఘం గోడల మీద ఎన్ని పాత కాగితాలు అంటించి ఉన్నవో ఈ సాయంత్రం వెళ్లి ఒకసారి చూడండి. మేము అంటించినవి కూడా ఉండవచ్చు, చించివేయండి, మా అనుమతి అవసరం లేదు.

ఆ నలుగురి కాగితం ఇదిగో, మా జేబులోనే ఉన్నది. రేపు తెల్లవారుజామున నాలుగున్నరకు మేము ఆ సంఘం గుమ్మం దగ్గర ఉంటాము. అధ్యక్షులవారు మాకంటే ముందే వచ్చి ఉంటే వారితో ఒక విధంగా మాట్లాడతాము. రాకపోతే మరొక విధంగా మాట్లాడతాము. ఇక్కడున్న వారెవరూ ముందుగా ఫోన్ చేసి వారికి చెప్పవద్దని మనవి. టీ ఎవరైనా పెడితే మాకు పంచదార వేయవద్దు. మా డాక్టరుగారు రెండేళ్ల క్రితం మానిపించారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు.